సంబంధం అనే గడి

మా ఊరి పేరు హల్.
అచ్చు తోడు లేని హల్లు, రాస్తే చివర పొల్లు.
ముప్పై నాలుగేళ్ళ కిందట ఆ పేరు విని నవ్వాను.
తర్వాత సముద్రపు గాలి నా చెవులు మెలేసి
నవ్వేముందు టోపీ పెట్టుకోవడం నేర్పింది.

హెసిల్ రోడ్డులో చేపల వేపుడు కొట్టు,
దాని మీద లాయరమ్మ ఆఫీసు.
వీలునామా అంటే ఎర్ర లక్క, ఇనప్పెట్టె,
మూల కూర్చుని ఎవరో ముక్కు చీదడం అనుకున్నాను.
ఒక పళ్ళెంలో బిస్కెట్లు, మొరాయించిన ప్రింటరు, అంతే.

"ఏమేం ఉన్నాయి?"
రెండు గదుల ఇల్లు. అప్పు మొన్న మార్చిలో తీరింది.
బ్యాంకులో కొంత. పింఛను నాతోనే వస్తుంది.
చంద్రహారం మేనకోడలు మంజరికి,
ఎన్నడూ అడగలేదు గనక.
కుట్టు మిషను పక్కింటి డోరీన్‌కి,
సూది మార్చుకోమని కూడా రాయండి.
ఇల్లు అమ్మగా వచ్చినదాంట్లో సగం
బడి గంటకు ముందు పిల్లలకు తిండి పెట్టే సంస్థకి.

లాయరమ్మ కలం ఆగింది.
"సంబంధం?" అంది. ఫారంలో గడి ఉందట.

ఆ గడి నింపడం మాకు వెన్నతో పెట్టిన విద్య.
మేనత్త, తోడికోడలు, వియ్యపురాలు,
వేలువిడిచిన మేనమామ,
ఎంత దూరపు మనిషికైనా
కొలతకు సరిపడా ఒక మాట కుట్టి ఉంచారు మావాళ్ళు.
ఇరవై ఆరేళ్ళు బడి వంటగదిలో గరిటె పట్టినదానికి
పళ్ళెం చాచినవాళ్ళు ఏమవుతారో
ఏ అమ్మమ్మా చెప్పిపోలేదు.

సోమవారాలు గుర్తొచ్చాయి.
శుక్రవారం బంగాళాదుంప ముద్ద వదిలేసే పిల్లలే
సోమవారం పళ్ళెం మెరిసేలా తుడిచేవాళ్ళు.
మధ్యలో రెండు రోజులు ఇంట్లో ఏం లేదో
వాళ్ళు చెప్పరు, పళ్ళెం చెబుతుంది.
కాలమ్ అని ఒకడు, చెవి కింద కాలిన మచ్చ,
రొట్టె ముక్క చొక్కా చేతిలోకి తోస్తూ
నా కళ్ళలోకి చూశాడు.
నేను గ్రేవీ గిన్నె వైపు తిరిగాను.
అదే నేను చేసిన సాయం. అటు తిరగడం.
ఇంకో ముక్క పెట్టాలంటే లెక్కలుండేవి,
పైవాళ్ళ సంతకాలుండేవి.
పెట్టేదాన్ని కాదు. ఎప్పుడో తప్ప.
రాత్రి వేడన్నంలో కందిపొడి కలుపుకుంటే
మొదటి ముద్ద దిగడానికి చాలాసేపు పట్టేది.

అందుకని లాయరమ్మా, దానం అని రాయకండి.
దానమంటే పుణ్యానికో ఖాతా తెరవాలి,
నాకు ఉన్న ఒక్క బ్యాంకే ఎక్కువ.
బాకీ అని రాయండి.

"బాకీ అయితే అప్పుల పట్టికలో వేయాలి,
రుజువు కావాలి," అంది, న్యాయంగానే.
రుజువుకి ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి.
ఎక్కడో లారీ తోలుతూ ఉంటుంది.
ఉందనే అనుకుంటున్నాను.

సాక్షులు ఇద్దరు కావాలి.
గుమాస్తా ఒకడు. రెండోవాడికి కింద నుంచి
స్టెలియోస్‌ని కేకేశారు, ఏప్రన్‌తోనే వచ్చాడు.
సంతకం పక్కన నూనె వేలిముద్ర.
"మళ్ళీ అచ్చు వేద్దామా?" అంది లాయరమ్మ.
వద్దు, పడిన అచ్చు చాలన్నాను.
నేనెందుకు నవ్వానో ఇద్దరికీ అర్థం కాలేదు.
గడిలో ఆమె ఏం రాసిందో అడగలేదు.
చిన్న గీత ఒకటి గీసినట్టుంది.

కిందికి దిగేసరికి బడి వదిలారు.
కొట్టు ముందు వరసలో నా ముందు ఒక పిల్ల
అరచేతిలో చిల్లర లెక్కపెట్టింది,
మళ్ళీ లెక్కపెట్టింది,
నాణేలు పెరుగుతాయేమోనని మరోసారి.
"ఎంత తగ్గింది?" అన్నాను, పర్సు తీస్తూ.
నువ్వు నాకేమవుతావన్నట్టు
పైనుంచి కిందిదాకా చూసింది.
"వెనిగర్ కాస్త ఎక్కువ పొయ్యమను,"
అన్నాను.