పొగనీళ్ళు

శనివారం ఎనిమిదింటికి పార్కు గేటు దగ్గర
చేతితొడుగుల సంచి విప్పుతుంది రషీదా.
ఎడమచేతివే ఎక్కువ. ఎప్పుడూ అంతే.
కుడిచేతివి ఎక్కడికి పోతాయో
కేప్‌టౌన్ మొత్తంలో ఎవరికీ తెలీదు.

మేం ఏడుగురం, వానొస్తే నలుగురం.
పోస్టాఫీసులో రిటైరైన హెర్మనస్,
నర్సింగు చదివే సిఫోకాజీ,
మాట్లాడకుండా తవ్వే వుయానీ,
వాడి వెనకే గొయ్యి గొయ్యికీ పేరు పెట్టుకుంటూ
తొమ్మిదేళ్ళ చెల్లెలు.
నేను బస్సు డ్రైవర్ని.
స్టీరింగు లేని చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీక వచ్చాను.

పోర్ట్ జాక్సన్ తుమ్మ పీకడం నా పని.
సముద్రం అవతలనించి తెచ్చారట దీన్ని
ఎగిరే ఇసకను పట్టి ఉంచమని.
పట్టింది. ఇంక వదిలితేనా!
ఇసకతోపాటు నీటినీ వెలుతురునీ
వడ్డీ షావుకారులా గుప్పిట పెట్టుకుంది.
లేతదైతే వాన పడ్డ మర్నాడు
ముల్లంగిలా ఊడొస్తుంది.
ముదిరిందైతే ఇద్దరం కాళ్ళు తన్నిపెట్టి లాగి లాగి
వేరు తెగిన చప్పుడుకి వెల్లకిలా పడతాం.
చెల్లెలు నవ్వుతుంది. మా జీతం అదే.

పైన్ చెట్లు కొట్టించిన రోజు మాత్రం
ఎవరూ నవ్వలేదు.
కుక్కను తిప్పే ముసలాయన వచ్చి
తడి ఆరని మొద్దు మీద కూచున్నాడు.
"మా ఆవిడ చివరి వేసవంతా ఈ నీడలోనే కూచుంది.
నీడని కూడా ఏ దేశం నీది అని అడుగుతారా మీరు?"
హెర్మనస్ జేబులో కరపత్రం ఉంది. తియ్యలేదు.
రషీదా ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చింది.
జవాబు కాదది. టీ.

ఆయన వెళ్ళాక, ఎవరి మొహమూ చూడకుండా అంది:
"రోడ్డవతల పచ్చగేటిల్లు మాది.
నాకు ఆరేళ్ళప్పుడు కాగితం వచ్చింది,
ఇది తెల్లవాళ్ళ పేట అయింది, ఖాళీ చెయ్యమని.
లారీలోకి మంచం ఎక్కింది, కుట్టుమిషను ఎక్కింది,
అమ్మ కుండీలు ఎక్కలేదు.
ఏ మొక్క పీకినా ముందు క్షమించమంటాను,
లోపల్లోపలే.
పీకడం మాత్రం మానను."

మార్చిలో గాలి పడుకున్న ఒక పొద్దున
ఫైరింజన్లు పక్కన పెట్టుకుని
మునిసిపాలిటీ వాళ్ళు ఆ ముక్కని తగలబెట్టారు.
"పొయ్యిలో దొర్లావా?" అంది నా భార్య, గుమ్మంలోనే.

ఇక్కడి విత్తనాలు తిక్కవి.
నీళ్ళకి లేవవు, ఎరువుకి లేవవు,
తలమీంచి మంట పోయిందని
పొగ వచ్చి చెప్పాలి.
అందుకే షెడ్డులో సిఫోకాజీ
డ్రమ్ములో కొమ్మలు రాజేసి
పొగని గొట్టంతో నీళ్ళలోకి పంపి
ఆ నీళ్ళలో విత్తనాల్ని ఒక రాత్రి నానేస్తుంది.
సీసా మీద చీటీ: పొగనీళ్ళు, తాగరాదు.
చెల్లెలు వేలు ముంచి నాకి చూసింది.
కాల్చిన మొక్కజొన్నట.

జూన్‌లో, ఎముకలు కొరికే వానలో
మూడువందల పన్నెండు ఎరికాలు నాటాం.
ఒక వరసంతా పందికొక్కులాంటిదేదో
నేల కిందనించి భోంచేసింది.
హెర్మనస్ చచ్చినవాటికీ నంబరు వేస్తాడు,
చిరునామా దొరకని ఉత్తరాలకీ
రిజిస్టరు ఉండాలంటాడు.

ఆగస్టులో, కాలిన చోట,
మేం ఏమీ నాటని చోట,
సూదిమొనంత ఆకులతో ఏవో లేచాయి.
పుస్తకం తిరగేసి, కళ్ళద్దాలు తుడిచి,
మళ్ళీ తిరగేసి,
"పైన్లకంటే ముందువి" అన్నాడు హెర్మనస్.
రషీదా వంగి చూసి
చాలాసేపు లేవలేదు.
మోకాళ్ళ నొప్పి అంది.

పోయిన శనివారం ముసలాయన మళ్ళీ వచ్చాడు.
తొడుగు అడిగాడు. కుడిచేతిది లేదు.
ఎడమదాన్నే తిరగేసి తొడుక్కుంటే
బొటనవేలు వంకరగా నిలబడింది.
"ఇవి నీడ ఎప్పుడిస్తాయి?"
"ఇవ్వవు," నేనే చెప్పాను,
"మోకాలెత్తు దాటవు."
కాసేపు గడ్డపార వైపు చూశాడు.
"అయితే కుక్కకి" అని
గొయ్యి మొదలెట్టాడు.