పదకొండు నిమిషాలు

అభ్యంతరాలకు జవాబు చెప్పడమే నా ఉద్యోగం.

మార్చి నెల, మంగళవారం రాత్రి.
ఉత్తర మిన్నెసోటాలో ఒక టౌన్‌షిప్ హాలు.
మడత కుర్చీలు చాలక గోడలకు ఆనుకున్న జనం,
బూట్లకంటిన మంచు కరిగి
నేలంతా చిన్న చిన్న మడుగులు.
నా ముందు మైకు, నీళ్ళ సీసా,
నాలుగు వేళ్ళ మందం ఫైలు.

దుమ్ము, అన్నారు.
రోజుకి రెండుసార్లు నీళ్ళు కొట్టిస్తాం, అన్నాను.
లారీలు, అన్నారు.
స్కూలు బస్సు తిరిగే వేళల్లో ఒక్క చక్రమూ కదలదు, అన్నాను.
బావుల సంగతేమిటన్నాడు ఆర్విడ్ స్కోగ్లండ్.
అతని బోరు లోతు నాకు కంఠతా వచ్చు:
నూట పన్నెండు అడుగులు.
నీటిమట్టానికి పదడుగుల పైనే ఆగిపోతామన్నాను.
నమ్మలేదతను.
నమ్మాలని నేనూ పట్టుబట్టలేదు,
జవాబు చెప్పినట్టు నమోదైతే చాలు.

తాబేళ్ళు, అన్నారు. వాటికీ ఒక పేజీ ఉంది.

ఇళ్ళ ధరల మాట వచ్చేసరికి
హాలంతా ఒక్క గొంతైంది.
అప్పటిదాకా తాబేళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టుకున్నాయన
అందరికన్నా గట్టిగా అరిచాడు.
నాకు నాలుక చివరిదాకా వచ్చింది:
అయ్యా, మీ పునాదిలో ఉన్నదేమిటి?
మీ కారు నిలిపే జాగా కింద, మీ వీధి కింద,
ఎవరో పక్క ఊరివాళ్ళ గుట్ట పడుకునుంది.
వాళ్ళూ ఇలాంటి ఒక మంగళవారం
ఇలాంటి కుర్చీల్లోనే కూర్చుని ఉంటారు.
అనలేదు.
పంటి కింద రాయిని
పదిమందిలో ఉమ్మలేక మింగినట్టు మింగాను.

ఈ గుట్ట మాత్రం ఇక్కడిదా?
పదివేల ఏళ్ళ కిందట ఉత్తరాది మంచు
మోసి మోసి, అలిసి, కరిగిపోతూ
ఇక్కడ దించేసి పోయింది.
"ఆగిన ప్రయాణాన్ని మేం కొనసాగిస్తున్నాం"
అని ఫైల్లో ఒక వాక్యం కూడా ఉంది.
మా ఆఫీసులో ఎవరికో తెగ నచ్చిన వాక్యం.
దాన్ని దాటేసి పేజీ తిప్పాను.

చివరికి వెర్నా టోలెఫ్సన్ లేచింది.
భర్తది కాబోలు, భుజాలు జారిపోతున్న కోటు.
"గుట్ట తీసేశాక
మా వంటింట్లో ఎండ ఎప్పటిదాకా ఉంటుంది?"

దానికి పేజీ లేదు.
పక్కనున్న ఇంజినీరు ఫోను తీసి లెక్క కట్టి
కాగితం మీద ఒక అంకె రాసి నా వైపు తోశాడు.
"అక్టోబరులో అయితే, అమ్మా,
రోజూ పదకొండు నిమిషాలు ఎక్కువ!"
పండక్కి బట్టలు పెట్టినట్టు చెప్పాను.
వెనక ఎవరో నవ్వారు.

ఆమె నవ్వలేదు.
"నలభై ఆరేళ్ళుగా
ఆ నీడ పొయ్యి దాకా వచ్చాకే
బంగాళాదుంపలు దించి, దీపం వేస్తున్నాను.
ఆ పదకొండు నిమిషాలూ
నన్నేం చెయ్యమంటావు?"

గుమాస్తా కలం ఎత్తి పట్టుకున్నాడు:
"ఇది అభ్యంతరమా, ప్రశ్నా? ఏ గడిలో రాయను?"
"ఏదో ఒకటి రాసుకో నాయనా," అని కూర్చుంది.

మూడుకి రెండు. మేమే గెలిచాం.

బయట మంచు అద్దంలా బిగుసుకుపోయింది.
కార్ల మధ్య తడబడుతూ ఆమె,
దగ్గర్లో ఉన్నది నేనొక్కణ్ణే.
చెయ్యి అందించాను, పట్టుకుంది.
"కంకర చల్లిన చోట కాలెయ్యండి," అన్నాను.
ఆగి కిందికి చూసింది.
"ఎవరి గుట్ట ఇది?"

తెలీదన్నాను.

బరువంతా నా చేతి మీద మోపి
అడుగు వేసింది.