బోర్డు మీద లేనిది

గిరింపేట సందు మలుపులో
రేకుల పంచ, ఆరు బల్లలు,
అద్దాల బీరువాలో నిన్నటి మైసూరుపాకు.
పేరు బోర్డులో 'శ్రీ' రాలిపోయి చాన్నాళ్లయింది,
ఇప్పుడది ఉత్త 'వేణి టిఫిన్ రూము'.

చిత్తూరు కోర్టులో టైపు కొట్టీ కొట్టీ
వేళ్లు ఇంకా వాయిదాలు కొడుతుండంగానే
ఐదున్నరకి వచ్చి కూర్చుంటాను
గోడ పక్క బల్ల దగ్గర,
ఫ్యాను గాలి సగమే తగిలే చోట.
పదకొండేండ్లు.
ఒక్కనాడూ నోరు తెరిచి ఏమీ అడగలేదు.

గోవిందసామి వస్తాడు.
భుజాన తడిగుడ్డ, చెవి వెనకాల పెన్సిలు.
ఆ పెన్సిలుతో రాయంగా నేనెప్పుడూ చూళ్లేదు.
"వాన పడేట్టుండాది పాపా" అంటాడు
(నాకు నలభై దాటి మూడేండ్లు),
లేదంటే "మీ జడ్జి దొర రిటైరయ్యేదెప్పుడు?" అంటాడు,
జవాబు కోసం ఆగడు.
ఆకు పరిచి నీళ్లు చిలకరిస్తాడు.
అంచు కరకరమని, నడుమ దూది మాదిరుండే దోసె,
తెల్ల చట్నీ, సాంబారు,
ఆకు కొసన, ఎవరికీ కనపడకుండా పెట్టినట్టు,
గోలీకాయంత సెనక్కాయల ఊరిబిండి.

ఆ గోలీకాయ కోసమే నేను
మధ్యాన్నం మూడింటి నుంచి కాచుకునుండేది.
రోట్లో నూరిన బరక నాలిక మీద కదిలి
కాల్చిన ఎండుమిరప ఘాటు ముక్కుకెక్కి
చింతపండు చివర్న వచ్చి సర్దిచెప్పేది.
గట్టు తగాదాలు, దొంగ సంతకాలు,
ఒక్క మామిడిచెట్టు కాడ తెగిపోయిన అన్నదమ్ములు,
పొద్దంతా నా వేళ్లలోంచి పోయినవన్నీ
ఒక గుక్క నీళ్లతో దిగిపోయేవి.

మొన్న సోమవారం గోవిందసామి లేడు.
కొత్త పిలగాడు, మీసం ఇంకా అనుమానంగానే ఉన్నవాడు,
బల్ల తుడిచి నిలబడి
"ఏం కావాలక్కా?" అన్నాడు.

ఏం కావాలి?
బోనెక్కి నిలబడ్డాక
సొంత పేరు మరిచిపోయిన సాక్షి మాదిరి
కూర్చుండిపోయినాను.
తలెత్తి మొదటిసారి గోడ మీది పట్టీ చదివినాను,
పైనుంచి కిందికి, ధరలతో సహా,
అచ్చుతప్పులు ఏరుకుంటా.

"ఎప్పుడూ తినేదే తీసుకురా."
"ఎప్పుడూ ఏం తింటారు?"
"దోసె. ఊరిబిండితో."
లోపలికి పోయి అంతే బిరాన వచ్చినాడు.
"మన దగ్గర ఊరిబిండి లేదక్కా.
ఎప్పుడూ చేసిందే లేదంట."

గల్లాపెట్టె ముందు సుభద్రమ్మ నవ్వింది.
"అది గోవిందసామి అన్నం క్యారియర్లోది గదమ్మా!
వాళ్లింటామె నూరి పంపిస్తాది.
ఆయప్పకి కంటి ఆపరేషను చేసినారు,
పదైదు దినాలు రాడు."

ఆ సాయంత్రం ఉన్నదాంతో తిన్నాను.
సాంబారు బాగానే ఉంది,
ఇన్నాళ్లూ బాగానే ఉండేదేమో.
చేయి కడుక్కుంటా లెక్క కట్టబోయినాను:
ఏడాదికి రెండొందల ఎనభై సాయంత్రాలు,
సెలవులు పోగా, జొరాలు పోగా...
ఆయన వంతులోంచి తీసి పెట్టినాడా,
నా వంతని ఆమే వేరేగా నూరిందా?
ఆమె పేరు కూడా నాకు తెలవదు.
ఆమె చేతి ఉప్పు మాత్రం ఎరుగుదును.

పదైదు దినాలు నోట్లో ఒక మాట సిద్ధం చేసుకున్నాను,
కొట్టేసి మళ్లీ కొట్టినాను,
ఎట్ల కొట్టినా అర్జీ మాదిరే ఉంది.

నల్లద్దాలు పెట్టుకొని వచ్చినాడు గోవిందసామి.
ఆకును తడిమి సరిచేసినాడు.
"ఎండ మండిపోతాండాది పాపా" అన్నాడు.
ఆకు కొసన గోలీకాయ.
నలిపి, దోసె ముక్కకి అద్ది, నోట్లో పెట్టుకొని
సిద్ధం చేసుకున్న మాట యాడ పోయిందో,
"ఈ పొద్దు ఉప్పు పిసరంత ఎక్కువైంది సామీ" అన్నాను.

వెళ్లబోతా ఆగినాడు.
చెవి వెనకాల పెన్సిలు తీసినాడు,
దాని మొన ఒకసారి చూసి
మళ్లీ ఆడనే పెట్టుకున్నాడు.
"చెప్తాలే" అన్నాడు.