పొలిమేర దగ్గర నలుసు

యేనాలో నవంబరు. రాత్రి రెండున్నర.
సాలే నది మీది పొగమంచు కిటికీ దాకా వచ్చి ఆగింది.
తెర మీద రెండు కృష్ణబిలాలు
ఒకదాని చుట్టూ ఒకటి, నాలుగో రోజూ.

ఆకాశమంతా ఒకే సన్నటి గళ్ళు గియ్యలేం,
అంత జ్ఞాపకం ఏ యంత్రానికీ లేదు.
దూరాన ముతక గళ్ళు, లోపల సన్నవి,
ఇంకా లోపల మరీ సన్నవి,
ఏడు పెట్టెలు ఒకదాని కడుపులో ఒకటి.
బిలం కదిలితే పెట్టె కదలాలి.
ముతక గడి ఒక్క అడుగు వేసేలోగా
సన్న గడి రెండు వెయ్యాలి,
పెద్దవాళ్ళ వేలు పట్టుకున్న పిల్లలా.

ఆ రెండడుగుల నడుమ
పొలిమేర అవతల ఏముందో తెలీదు.
ఊహిస్తాం.
ఆ ఊహే గరుకు.
దానికి తగిలి ఒక అల వెనక్కొస్తుంది,
సమీకరణంలో లేని అల.
సున్నా ఉండాల్సిన చోట సున్నా ఉండదు.
మూడువందల పన్నెండో ఘడియకి
తెర నిండా ఒకటే మాట:
సంఖ్య కాదు, సంఖ్య కాదు, సంఖ్య కాదు.

కింది వాటాలో ట్రోబిట్స్ గారికి ఎనభై ఒకటి.
గాజు కార్ఖానాలో ముప్ఫై నాలుగేళ్ళు కటకాలు సానపట్టింది.
పొద్దున్న మెట్ల మీద నా మొహం చూసి కాఫీకి పిలిచింది.
నా గొడవంతా విని
(సగమైనా అర్థమైందో లేదో, నేనడగలేదు)
తన గోళ్ళు చూపించింది.
"ముతక పొడి నుంచి సన్న పొడికి మారేముందు
బల్ల కడిగేవాళ్ళం, ఏప్రన్ మార్చేవాళ్ళం,
గోళ్ళ కింద బ్రష్షుతో తోమేవాళ్ళం.
ఒక్క ముతక రేణువు వెంటొచ్చిందా,
మూడు రోజుల నునుపు మీద గీత.
గీత సన్న పనిలోనే కనబడుతుంది.
తప్పు పక్కగదిది."

పైకొచ్చి కడగడం మొదలెట్టాను.
పొలిమేర చుట్టూ పన్నెండు వరసల అదనపు గళ్ళు.
అడుగులో నాలుగు మజిలీలు,
మజిలీకి మూడేసి వరసలు మురికవనీ,
లోపలికి చేరకముందే అన్నీ పారేస్తాను.
పెట్టెల్ని మాటిమాటికీ జరపడం మానేశాను,
వణికే చెయ్యికన్నా ఆలస్యపు చెయ్యి నయం.
గడికన్నా చిట్టి అలల్ని నమిలే మందు, చిటికెడు.
ఎక్కువేస్తే అసలు అల కూడా చస్తుంది.

నాలుగు వందలు దాటింది. ఆరు వందలు.
బిలాలు రెండూ ఒకటై
కాసేపు గంటలా మోగి సద్దుమణిగాయి.
నేను కాఫీ కప్పు కడగడం మర్చిపోయాను.

గడి సగమైతే తప్పు పదహారో వంతు కావాలి.
పదమూడో వంతే అయింది.
ఆ తేడా ఏ గోటి కిందుందో.
మళ్ళీ నడపాలి. యంత్రం దగ్గర వరసలో
నా ముందు పదకొండు పనులున్నాయి.
నిద్రపోవచ్చు.