అయిదు లెక్కపెట్టేదాకా

మోటారు కాలిందని ఎవ్వరూ చెప్పే పని లేదు.
సంచి ముడి ఇప్పంగనే వార్నిషు వాసన
నన్ను గుంజుకపోయి మెట్‌పల్లిల నిలవెడ్తది.
యాసంగి రాత్రి, ఏ జాముకో వచ్చే కరెంటు,
లో ఓల్టేజీల మూలిగి మూలిగి నల్లవడ్డ బోరుమోటార్లు
నా షాపు ముంగట వరుసగ,
సర్కారు దవాఖాన వరండాల కూసున్నట్టు.

ఇది పిడికిట్ల పట్టేటంతదే.
ఖల్ఫాన్ రెండు చేతుల్తోని బల్ల మీద పెట్టిండు,
రెక్క ఇరిగిన పిట్టను పెట్టినట్టు.
"లింబూ, నిన్న మస్తు ఉరికింది" అన్నడు.
"ఎంతసేపు?"
"నలభై సెకండ్లు."

లింబాద్రి అనుడు రాదు ఆయనకు.
పదకొండేండ్ల సంది ఉమ్మల్ కువైన్ల
నేను నిమ్మకాయనే.

మూడు సెల్లుల పడవకు ఆరు సెల్లులు కట్టిండు.
సాలిం పడవను దాటాలె, గంతే.
మోటారు మీద రాసే ఉన్నది:
ఓల్టుకు రెండువేల తిరుగుళ్లు.
పదకొండు ఓల్టులకు ఇరవై రెండువేలు.
దాన్ని ఇరవై రెండు ఓల్టులకు ఎక్కిస్తే
ఖాళీగైతే తిరుగుతదేమో, గాలికేం పోయింది?
నీళ్లు ఊకోవు.
రెక్క రెండింతలు తిరగాలంటే
ఎనిమిదింతల బలం అడుగుతయి.
నీళ్ల దగ్గర ఉద్దెర నడ్వదు.

ఇప్పి లెక్కవెట్టిన: పంటికి ఆరు చుట్లు, లావు తీగ.
"ఆరు సెల్లులే కావాల్నా?
సన్న తీగతోని పన్నెండు చుట్లు చుడ్త.
కరెంటు సగమే గుంజుతది."
"స్పీడు పెరుగుతదా?"
"కాలదు."
"అది కాదు నేనడిగింది."
చాయ సగం తాగి, గ్లాసు కింద పైసలు పెట్టి పోయిండు.

రాత్రి రూముల, మంచం మీద దీపం గుంజుకొని చుడ్తున్న.
తొమ్మిది. పది. తీగ తెగకుంట,
వదులు గాకుంట.
ఒంటిగంటకు బాజన్న వచ్చిండు.
పగలు ఎండల ఇనుప పైపులు కడ్తడు,
పొద్దు గూకంగనే కోల్డ్ స్టోరేజిల చాపల డబ్బాలు మోస్తడు.
మొదటి బోరుల దుమ్ము లేచింది.
రెండోదాంట్ల తడి.
మూడోదానికి చిట్టీ ఎత్తిండు.
బూట్లు ఇప్పకుంటనే ఒరిగిండు.

మోటారు ఆపినంక దాని మీద వేలు పెట్టాలె.
అయిదు లెక్కవెట్టేదాకా ఆగితే భయం లేదు.
గుంజుకున్నవంటే
లోపట ఏదో అంటుకుంటున్నది.

బాజన్న మెడ మీద చెయ్యి పెట్టిన.
ఒకటి. రెండు.
"ఏం లెక్కవెడ్తున్నవే?" అన్నడు, కండ్లు తెరవకుంట.
"తీగ" అన్న.

శుక్రవారం, పొద్దు పొడవక ముందే ఖోరు ఒడ్డుకు పోయినం.
మడచెట్ల కింద బురద, ఉప్పు వాసన.
ఆగస్టుల ఇక్కడ నీళ్లకే జరం ఉంటది.
మోటారును చల్లవెట్టాల్సిన నీళ్లే
ఉడుకుడుకుగ గొట్టంల దూరుతయి,
పక్కన చిల్లిల నుంచి దారమోలె బయటికి వస్తయి.

పడవ ఇడిసినం.
సాలిం పడవ కీసుమని ముందుకు పోయింది.
మాది దాని ఎనుక, తొందర లేనట్టు, చక్కగ.
మూడు రౌండ్లు. నాలుగు. సాలిం పడవ నడిమిట్ల ఆగింది,
వానికి బ్యాటరీ అయిపోయిందో, ఇంకేమన్న అయిందో.
మాది గెలిచిందని ఎవ్వరూ అనలే.
రౌండ్లు ఎవ్వరు లెక్కవెట్టిండ్రు గనుక?

ఖల్ఫాన్ మోకాళ్ల లోతు నీళ్లల్ల దిగి పడవ ఎత్తుకొచ్చిండు.
మూత తీసి, మోటారు మీద తనే వేలు పెట్టిండు.
వాహద్, ఇత్నేన్, తలాతా, అర్బా, ఖమ్సా.
నా దిక్కు చూసిండు. వేలు తియ్యలే.
సిత్తా. సబా.

నేను జర దూరం పోయి బాజన్నకు ఫోన్ చేసిన.
ఇయ్యాల వానికి డ్యూటీ లేదు, పండుకొనుంటడు.
మోగుతున్నది.
ఒకటి.
రెండు.
మూడు.
నాలుగు.