టిప్పర్ లెక్క

నాందేడు దాటంగనే రోడ్డు మీదికెక్కుతది.
ఎక్కినంక అంతా నలుపే.
జొన్న కోసిన కొయ్యకాళ్ళు, పసుపు తవ్విన గుంతలు,
ఎండకు నోరు తెరిచిన నెర్రెలు.
ఒక నెర్రెల నా స్పానర్ పడితే
మోచేతి దాకా చెయ్యి పెట్టిన, అందలే.

పొద్దుగాల కిందికి నల్లమన్ను,
మాపటికి మీదికి మొరం.
రేగడి మీద గోడ నిలువదట:
వానకు ఉబ్బుతది, ఎండకు ముడుసుకుంటది,
అది ఊపిరి తీస్తే ఇల్లు పగుల్తది.
అందుకే ఆరడుగులు తోడి పారెయ్యాలె,
ఊపిరి లేని ఎర్ర మొరం నింపాలె.
ఇంజినీరు కాయితంల
దీని పేరు చెడ్డమట్టి.

సాత్‌బారా మీద ముక్తాబాయి, ఇంట్ల ముత్తెమ్మ.
తలాఠీ పిలిస్తే మరాఠీల పలుకుతది,
ఎద్దును మాత్రం తెలుగులనే తిడుతది.
మూడెకరాలు ప్లాట్లయి
ఆమె పాలుకు గుంటెడు మిగిలింది,
గుంటెడుల ఒక మెంతి మడి.
నేను బండి నింపుతుంటే
మడి మీద దుమ్ము పడొద్దని
పాత చీరె అడ్డం పట్టుకొని నిలబడ్తది.
నన్నొక్క మాటనలే.
"ఎటు పోతదిర ఇది?"
"బస్తీల, మిద్దెల మీది తోటలకు."
"ఎంతకు?"
సంచికి నూటిరవై.
చెప్పేతందుకు నోరు రాలే.

ఒకనాడు అడగకుండనే క్యాబిన్ ఎక్కి కూసున్నది.
నాలుగో అంతస్తు. సంచులు లిఫ్టుల పోయినయి,
ఆమె మెట్ల మీద పోయింది.
"మంచి మన్నేనా?" అనడిగింది ఆ ఇంటామె.
ముత్తెమ్మ చిటికెడు తీసి, ఉమ్మి తడి చేసి,
అరచేతుల నడుమ తాడు లెక్క పేని
ఏలుకు చుట్టుకున్నది ఉంగరమోలె.
తెగలే.
"నీళ్ళు ఎక్కువ పొయ్యకు. తాగింది దాసుకుంటది."
"ఏం విత్తనమెయ్యాలె?"
"వారం ఆగు. దాని కడుపుల ఏమున్నదో
అదే చెప్తది."

ఎనుకకు వస్తుంటే మాట లేదు.
ఘాట్ మలుపు కాడ చూసిన,
ఉంగరం ఎండి నడుమ పగిలింది.
ఆమె దాన్ని ఇంకా తియ్యలే,
ఏలు కొంచెం వంచి, పడిపోకుండ పట్టుకున్నది.

ఆమెను మడి కాడ దించి
ప్లాటు నంబర్ పద్నాలుగుల మొరం ఒంపిన.
ఎంత చప్పుడు!
నాలుగు నెల్లు మోసిన నల్లమన్ను,
దించిన ప్రతిసారి
ఎవరో పక్క మీద ఒత్తిగిలినంత.