తాడు ఖరీదు

గుమాస్తా అన్నీ రాశాడు:
తాడు ఖరీదు, తలారి కూలి,
ఆ రోజు గాలి దిక్కు కూడా.
నేరం పేరు మాత్రం రాయలేదు,
కలం మైలపడుతుందని.

పీపాలు చేసే వెస్సెల్.
తెరచాపలు కుట్టే యోరిస్.
ఫ్లిసింగన్ రేవు, మూడువందల ఏళ్ళ కిందట.

"కాలానికి కట్టుబడు," అంటుంది మా ఎడిటర్ మరేకె,
"అప్పట్లో వాళ్ళకి సుఖమెక్కడిది?"

నిజమే. ఉరి తప్పించను.
కానీ పదకొండేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నారని
ఆ కాగితమే నోరు జారింది.
పదకొండు చలికాలాలు!
ఎవరో ఒకరు ముందు లేచి పొయ్యి రాజేసుంటారు,
రెండోవాడు దుప్పటంతా లాక్కునుంటాడు.

సాక్ష్యం లేదు.
పట్టుబడిన రోజుకే సాక్ష్యాలుంటాయి.

ఉరిని ఒక్క వాక్యంలో ముగించాను.
హెర్రింగ్ చేప ముళ్ళేరి
పళ్ళు కదులుతున్న వెస్సెల్ కంచంలో పెట్టడానికి
యోరిస్‌కి మూడు పేజీలు పట్టాయి.